సంతలో నిలబడి ఊళ్లు గుర్తుపట్టడం: వలస తీరపక్షుల జనాభాలను జన్యువులతో విడదీసే పద్ధతి

డిసెంబరులో కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల అంచుకు వెళ్లండి. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గి బురద మేటలు బయటపడతాయి. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, వంగి ఒక పురుగును ముక్కున కరచుకుని మళ్లీ నాలుగడుగులు పరుగెత్తే చిన్న బూడిదరంగు పిట్టలు అక్కడ కనిపిస్తాయి. అవి శాండ్ ప్లోవర్లు. పొదిగే కాలంలో రొమ్ము మీద మెరిసే ఇటుకరంగు పట్టీ అప్పటికి మాసిపోయి ఉంటుంది. వీటిలో లడాఖ్ సరస్సుల ఒడ్డున గుడ్డు పగిలి బయటికి వచ్చినవి ఎన్ని? పామీర్ ఎత్తుల నుంచి దిగినవి ఎన్ని? తూర్పు టిబెట్ నుంచి వచ్చినవి ఎన్ని? దుర్భిణితో ఎంతసేపు చూసినా తేలదు. ఒక చుక్క రక్తం చెప్పగలదు, అడగడం మనకు తెలిసి ఉంటే.

ఆ అడిగే పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. జీవశాస్త్రంలో పీజీ ముగించి పరిశోధనలో అడుగుపెడుతున్నవారినీ, ఏళ్ల తరబడి పక్షులను లెక్కిస్తూ డీఎన్ఏ మాటెత్తితే వెనక్కి తగ్గేవారినీ మనసులో ఉంచుకుని రాస్తున్నాను. నా అనుభవంలో ఈ పని బాగుపడేదీ చెడిపోయేదీ చాలావరకు ప్రయోగశాల గుమ్మం తొక్కకముందే. ఏ పిట్టను, ఏ నెలలో, ఏ నేల మీద పట్టుకున్నారన్నదే అసలు విషయం. అందుకే క్షేత్రం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"జనాభా నిర్మాణం తెలుసుకోవాలి" అన్నది ప్రశ్న కాదు. అందులో కనీసం మూడు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఈ గుంపులు ఎంతకాలం కిందట విడిపోయాయి? ఇప్పుడు వాటి మధ్య రాకపోకలు, జతకట్టడాలు ఉన్నాయా? నా చేతిలో ఉన్న ఈ ఒక్క పిట్ట ఏ పొదుగు నేలకు చెందింది? మూడింటికీ నమూనాలు వేరు, గుర్తులు (అంటే డీఎన్ఏలో మనం పోల్చి చూసే చోట్లు) వేరు, ఖర్చు వేరు. మీది ఏదో కాగితం మీద పెట్టి గోడకు అంటించుకోండి.

మొదటి రకం ప్రశ్నకు శాండ్ ప్లోవర్లే మంచి ఉదాహరణ. మొన్నమొన్నటి వరకు వీటన్నిటినీ లెస్సర్ శాండ్ ప్లోవర్ అనే ఒకే జాతిగా పుస్తకాలు రాశాయి. 2022లో వచ్చిన జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) అధ్యయనం అందులోని రెండు గుంపుల్లో ఒకటి తన తోటి గుంపు కంటే గ్రేటర్ శాండ్ ప్లోవర్ అనే వేరే జాతికే దగ్గరి చుట్టమని చూపింది. దాంతో పాత జాతి రెండయింది. సైబీరియన్ శాండ్ ప్లోవర్ రష్యా తూర్పు కొసన పొదిగి ఆస్ట్రేలియా వైపు వెళ్తుంది. టిబెటన్ శాండ్ ప్లోవర్ హిమాలయాలు, టిబెట్, పామీర్, తియాన్‌షాన్ ఎత్తుల్లో పొదిగి భారత తీరాలకు, ఇంకా పడమరగా తూర్పు ఆఫ్రికా వరకు దిగుతుంది. ఈ రెండో దానిలో పామిరెన్సిస్, ఆట్రిఫ్రాన్స్, షేఫెరి అని మూడు ఉపజాతులు. మన తీరంలో వీటి పాళ్లు ఎంత అన్నది మూడో రకం ప్రశ్న. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్ననే పట్టుకుని నడుస్తాను.

జన్యువులు ఏ కాలం సంగతి చెబుతాయో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం ఆగాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

డన్లిన్, రెడ్ నాట్ రెండూ ఒకే ప్రజాతికి చెందిన పక్షులు. రెండూ ఉత్తర ధ్రువం చుట్టూ పొదుగుతాయి, రెండూ వేల కిలోమీటర్లు ఎగురుతాయి. 1990లలో ఆలన్ బేకర్ బృందం డన్లిన్ల మైటోకాండ్రియా డీఎన్ఏను చదివితే ప్రపంచమంతటి పక్షులూ అయిదు స్పష్టమైన వంశాలుగా విడిపోయాయి. నాట్లకు రూపాన్ని బట్టి, వలస దారిని బట్టి ఆరు ఉపజాతులు ఉన్నాయి. వాటిని చదివితే తేడాలు చాలా పలచగా కనిపించాయి. అవి విడిపోయింది సుమారు గత 20,000 ఏళ్లలోనే, అంటే మంచుయుగం చివర్లో, ఆ తర్వాత. జన్యు తేడాలు పోగుపడడానికి ఆ వ్యవధి చాలలేదు. వలస దారులు మాత్రం ఆ కొద్ది కాలంలోనే పూర్తిగా వేరైపోయాయి.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు గుంపుల మధ్య తేడాను ఎఫ్‌ఎస్‌టీ అనే కొలతతో 0 నుంచి 1 వరకు కొలుస్తాం. పాఠ్యపుస్తకాల్లోని తేలిక లెక్క ఇది: తరానికి ఒక గుంపు నుంచి ఇంకో గుంపులోకి వచ్చి జతకట్టే పక్షుల సంఖ్యను నాలుగుతో హెచ్చించి, ఒకటి కలిపి, ఆ మొత్తంతో ఒకటిని భాగించాలి. తరానికి ఒక్క పిట్ట వస్తే ఎఫ్‌ఎస్‌టీ 0.2. పది పిట్టలు వస్తే సుమారు 0.024, అంటే దాదాపు తేడా లేనట్టే. ఇప్పుడు వేల పక్షులున్న గుంపును ఊహించుకోండి. తరానికి పది పిట్టల రాకతో జన్యువులు కలిసిపోతాయి. కానీ ఒక ఏడాది గూళ్లన్నీ నాశనమైతే ఆ పది పిట్టలు వచ్చి లోటు పూడ్చలేవు. జన్యువుల లెక్కలో ఒకటిగా కనిపించే గుంపులు చావుపుట్టుకల లెక్కలో రెండు కావచ్చు. రూఫా అనే నాట్ ఉపజాతిని అమెరికా 2014లో ముప్పున్న పక్షిగా ప్రకటించింది. జన్యు తేడా పలచనని ఎదురుచూసి ఉంటే ఆ రక్షణ దక్కేది కాదు.

కాబట్టి "తేడా కనిపించలేదు" అనే ఫలితం వస్తే ఎలా రాస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. చివర్లో ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది.

నమూనాలు పొదుగు నేల నుంచి మొదలుపెట్టండి

శీతాకాలపు తీరం సంత లాంటిది. సంతలో నిలబడి జనాన్ని ఎంత లెక్కపెట్టినా ఏ ఊళ్లు ఉన్నాయో, ఒక్కో ఊరి పోలిక ఏమిటో తెలియదు. వాయవ్య ఆస్ట్రేలియాలోని రోబక్ బే బురదలో నాట్ల రెండు ఉపజాతులు భుజం భుజం రాసుకుంటూ తింటాయి. వాటిలో రోజర్సీ చుకోట్కాలో పొదుగుతుంది, పియర్స్మాయి న్యూ సైబీరియన్ దీవుల్లో పొదుగుతుంది. తిరుగు ప్రయాణంలో చైనాలోని బోహాయ్ తీరంలో ఆగేదీ కలిసే. ఈ మందను ఒకే జనాభా అనుకుని గీసిన పటం తప్పుదారి పట్టిస్తుంది. ముందు ఊళ్లకు వెళ్లాలి. ఒక్కో పొదుగు నేల నుంచి ఆధార నమూనాలు సేకరించాలి. సంతలోని పిట్టను వాటితో పోల్చడం ఆ తర్వాతి పని.

శాండ్ ప్లోవర్ల విషయంలో మన దేశంలో దొరికే ఊరు లడాఖ్. సో కార్, సో మొరీరీ వంటి సరస్సుల చుట్టూ, 4,000 మీటర్ల పైన, జూన్, జూలై నెలల్లో గూళ్లు ఉంటాయి. గూటి మీద కూర్చున్న పెద్ద పక్షి నుంచే నమూనా తీయండి. పిల్లల నుంచి తీయాల్సి వస్తే ఒక్కో గూటికి ఒక్క పిల్ల చాలు. తోబుట్టువులు నమూనాలో చేరితే లేని గుంపు ఒకటి లెక్కల్లో పుట్టుకొస్తుంది. జూన్‌లో కనిపించిందని ప్రతి పక్షినీ అక్కడి పొదుగు పక్షి అనుకోవద్దు. తీరపక్షుల్లో చాలా జాతుల ఏడాది పిల్లలు తొలి వేసవిలో విడిది వదలవు. కొన్ని దారి మధ్యలోనే ఆగిపోతాయి. గూడు గానీ, కడుపు కింద పొదుగు మచ్చ గానీ కనిపిస్తేనే ఆధార నమూనాగా రాసుకోండి.

టిబెట్, పామీర్ల వరకు మీరు వెళ్లలేకపోవచ్చు. అప్పుడు దారులు రెండు. అక్కడి పరిశోధకులతో కలిసి పనిచేయడం ఒకటి. మ్యూజియాల్లో దాచిన పాత పక్షి చర్మాల నుంచి కాలివేలి అడుగు చర్మం చిన్న ముక్క అడగడం రెండోది. ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణ ఇలాంటి పనులకు పెద్ద ఆస్తి. పాత చర్మపు డీఎన్ఏ ముక్కలుముక్కలై ఉంటుంది. ముక్కల కొసల్లో డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సీ, టీగా మారి కనిపిస్తుంది. దాన్ని నిజమైన జన్యు తేడాగా లెక్కించకుండా విశ్లేషణలో సరిదిద్దాలి. తాజా రక్తపు నమూనాలు చూసే బల్ల మీద ఈ పని అసలు చేయవద్దు.

ఎన్ని పక్షులు? మైక్రోశాటిలైట్ల (ఒకే చిన్న వరుస పదేపదే వచ్చే డీఎన్ఏ చోట్ల) వంటి కొద్ది గుర్తులతో పనిచేస్తే ఒక్కో చోటు నుంచి 20 నుంచి 30. వేల గుర్తులు చదివే జీనోమ్ పద్ధతిలో పది లోపు పక్షులతోనూ గుంపుల మధ్య తేడా బాగానే తేలుతుంది. చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే ఒకే చోట 40 పక్షుల కంటే నాలుగు చోట్ల పదేసి పక్షులు మేలు.

అనుమతులు

క్షేత్రానికి వెళ్లే తేదీకి చాలా నెలల ముందే మొదలుపెట్టండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పక్షిని పట్టడానికీ, రక్తం తీయడానికీ ఆయా రాష్ట్రాల అటవీ శాఖ నుంచి అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, లడాఖ్‌కు వేరొకటి. నమూనాలు గానీ వాటి సమాచారం గానీ విదేశీ సంస్థకు ఇవ్వాలనుకుంటే జీవవైవిధ్య చట్టం, 2002 కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను సంప్రదించాలి. మీ సంస్థ జంతు నైతిక సంఘం ఆమోదం సరేసరి.

పిట్టను పట్టడం, చుక్క తీయడం

పట్టడం పుస్తకం చదివి నేర్చుకునే విద్య కాదు. పక్షుల కాళ్లకు సంఖ్య ఉన్న రింగులు వేసే అనుభవజ్ఞుల పక్కన కనీసం ఒక సీజన్ కూర్చోండి. మన దేశంలో రింగుల పనికి బిహార్‌కు చెందిన మీర్‌షికారీలు తరతరాల నైపుణ్యాన్ని ఇచ్చారు. వారి చేతిలో పిట్ట గింజుకోవడం మానేసి ఊరకుండిపోవడం చూస్తే, పట్టు అంటే బలం కాదని అర్థమవుతుంది. పోటు సమయంలో పక్షులు గుమిగూడే ఎత్తైన ఇసుక దిబ్బ పక్కన, చంద్రుడు లేని రాత్రి, సన్నని వల కట్టి దగ్గరే కాపలా ఉండండి. పోటు ఎప్పుడు ఎంత ఎత్తుకు వస్తుందో ముందే చూసుకోండి. వల అడుగు నీటికి అందిందంటే పిట్ట మునిగిపోతుంది.

పిట్టను తెచ్చాక ముందు రింగు, తర్వాత కొలతలు, చివరికి రక్తం. పిట్టను వెల్లకిలా అరచేతిలో పెట్టి, మెడను చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ వదులుగా నిలపండి. ఒక రెక్క చాపితే మోచేతి దగ్గర చర్మం కింద నీలపు గీత కనిపిస్తుంది. అదే రెక్క సిర. స్పిరిట్ తడిపిన దూదితో అక్కడి సన్న ఈకలను పక్కకు దువ్వండి. స్పిరిట్ ఆరేదాకా ఆగండి, తడి మీద గుచ్చితే చుక్క నిలవక పరుచుకుపోతుంది. సన్న సూదితో ఒక్కసారి ముట్టిస్తే చాలు. ఆవగింజంత ఎర్రని పూస పైకి లేస్తుంది. గాజు సన్నగొట్టం కొసను ఆ పూసకు ఆనించండి, పీల్చనక్కరలేదు, రక్తం తనంతట తానే గొట్టంలోకి పాకుతుంది. తర్వాత పొడి దూదితో వేలు ఒత్తి నిమిషం సేపు పట్టుకోండి. దూది తీసినప్పుడు మళ్లీ చెమ్మ రాకపోతేనే పిట్టను వదలాలి.

శరీర బరువులో నూటికి ఒక వంతు మించి రక్తం తీయకూడదన్నది అందరూ పాటించే హద్దు. 60 గ్రాముల ప్లోవర్‌కు అది దాదాపు 600 మైక్రోలీటర్లు. మనకు కావలసింది 20 నుంచి 30. పక్షుల ఎర్ర రక్తకణాల్లో మనకు లేని కేంద్రకం ఉంటుంది కాబట్టి ఆ చుక్కే ధారాళం.

రక్తాన్ని 95 శాతం ఇథనాల్‌లోనో, క్వీన్స్ లైసిస్ బఫర్ అనే ద్రావణంలోనో వెంటనే కలిపి ఊపండి. గడ్డ కట్టకుండా హెపారిన్ పూసిన గొట్టాలు ఆసుపత్రి సామాను దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. డీఎన్ఏకు నకళ్లు పెంచే పీసీఆర్ ప్రక్రియను హెపారిన్ అడ్డుకుంటుంది. గడ్డ కట్టనివ్వని మరో రసాయనం ఈడీటీఏ అయితే ఫరవాలేదు. ఇంకో మాట: లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. నేను తొలిసారి వెళ్లినప్పుడు మార్కర్‌తో మూతల మీద రాశాను. ఒక్క సీసా కారింది. ఆ ఇథనాల్‌కు డబ్బాలోని మూతలన్నీ తెల్లబడిపోయాయి. ఏ పిట్టదో తెలియని రక్తం ఎందుకూ పనికిరాదు. ఆ పిట్టలకు ఊరకే సూది గుచ్చానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ప్రయోగశాలలో

ఇక్కడ తొందరగా చెప్పేస్తాను, రక్తం నుంచి డీఎన్ఏను వేరుచేసే కిట్ల వెంట వచ్చే సూచనలు బాగానే ఉంటాయి. అయిదు నుంచి పది మైక్రోలీటర్ల రక్తం మించి వేయకండి. ఎక్కువ వేస్తే డీఎన్ఏ జిగురై వడపోత గొట్టం పూడుకుపోతుంది. ప్రతి విడతలో రక్తం లేని ఖాళీ సీసా ఒకటి కూడా నడపండి, కల్తీ జరిగితే అదే పట్టిస్తుంది. డీఎన్ఏ పరిమాణాన్ని కాంతి శోషణతో కాకుండా ఫ్లోరోమీటరుతో కొలవండి. కొంత జెల్ (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జిగురు పలక) మీద నడిపి ముక్కలైందో లేదో చూడండి.

తర్వాత ఆడ, మగ తేల్చండి. శీతాకాలపు ప్లోవర్‌ను రంగు చూసి నమ్మకంగా చెప్పలేరు. పక్షుల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యూ అనే రెండు వేర్వేరు క్రోమోజోములు, మగదానికి రెండూ జెడ్‌లే. సీహెచ్‌డీ1 అనే జన్యువు రెండింటి మీదా ఉంటుంది గానీ పొడవు వేరు. అందుకే జెల్ మీద ఆడ పిట్టకు రెండు గీతలు, మగ పిట్టకు ఒకటి. ఈ సమాచారం ముందు ముందు రెండు చోట్ల అక్కరకు వస్తుంది.

మైటోకాండ్రియా డీఎన్ఏ చదివేటప్పుడు పక్షి రక్తంలో ఒక ఉచ్చు ఉంది. పాత కాలంలో మైటోకాండ్రియా ముక్కలు కొన్ని కేంద్రకంలోకి జారి అక్కడే ఉండిపోయాయి. రక్తకణంలో కేంద్రకం నిండుగా, మైటోకాండ్రియా తక్కువగా ఉంటాయి కాబట్టి మీ ప్రైమర్లు (చదవాల్సిన చోటును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) అసలుకు బదులు ఆ నకలును పట్టుకోవచ్చు. ప్రొటీన్ రాసే జన్యువు మధ్యలో ఆగు సంకేతం కనిపించినా, యంత్రం గీసే గీతలో ఒకే స్థానంలో రెండు శిఖరాలు కనిపించినా అనుమానించండి. కొన్ని పక్షులకు ఈకమొదలు నుంచో, కండ నుంచో చదివి సరిపోల్చుకోండి.

ఏ గుర్తులు ఎంచుకోవాలి

మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది. అది వంశవృక్షంలో ఒక్క కొమ్మ కథే. డన్లిన్లలో అది స్పష్టమైన గుంపులు చూపింది. ఐరోపా వైపు ఉపజాతులను కేంద్రక గుర్తులతో చూసినప్పుడు మాత్రం విభజనకు పెద్దగా ఆధారం దొరకలేదు. అందుకే ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సలహా: మైటోకాండ్రియాతో పాటు జీనోమ్ అంతటా వేల చోట్ల అక్షర తేడాలను చదివే రాడ్ సీక్వెన్సింగ్ గానీ, జీనోమ్ మొత్తాన్ని పలచగా చదివే పద్ధతి గానీ ఎంచుకోండి. పక్షి జీనోమ్ సుమారు 120 కోట్ల అక్షరాలే. మనిషి జీనోమ్‌లో సగం కంటే తక్కువ కాబట్టి ఖర్చూ కలిసొస్తుంది.

సీక్వెన్సింగ్‌కు పంపేటప్పుడు లడాఖ్ నమూనాలన్నీ ఒక ప్లేటులో (చాలా నమూనాలను గుంటల్లో పెట్టి ఒకేసారి నడిపే పలకలో), కాకినాడవన్నీ ఇంకో ప్లేటులో పెట్టకండి. ప్లేటుకూ ప్లేటుకూ ఉండే యంత్ర దోషం భౌగోళిక తేడాలా కనబడుతుంది. అన్ని చోట్లవీ కలగలిపి పెట్టండి. రెండు మూడు నమూనాలను రెండు ప్లేట్లలోనూ పెడితే, తప్పు ఎంతో అంచనా కట్టవచ్చు.

విశ్లేషణ: ఏది ముందు, ఏది తర్వాత

ముందు శుభ్రం చేయండి. చాలా పక్షుల్లో చదవని స్థానాలను, చాలా తక్కువ భాగమే చదవగలిగిన పక్షులను తీసేయండి. దగ్గరి బంధువులను వెతికి ప్రతి జంటలో ఒకరిని పక్కన పెట్టండి. లైంగిక క్రోమోజోముల మీది గుర్తులను వేరు చేయండి. ఇది మరిచిపోతే పటంలో రెండు చక్కని గుంపులు వస్తాయి, సంతోషిస్తారు, తీరా చూస్తే ఒకటి ఆడవి, ఒకటి మగవి. ఇంతకుముందు జెల్ మీద తేల్చిన ఆడ, మగ వివరం ఇక్కడ మొదటిసారి అక్కరకు వస్తుంది.

ఆ తర్వాత ప్రిన్సిపల్ కాంపొనెంట్ పటం గీయండి. ఇందులో ఒక్కో పక్షి ఒక చుక్క, జన్యువులు పోలిన పక్షులు దగ్గరగా పడతాయి. దీనికి ముందస్తు ఊహలు అక్కరలేదు. చుక్కలకు మొదట చోటును బట్టి రంగు వేయండి, తర్వాత ప్లేటును బట్టి, తర్వాత ఆడ, మగను బట్టి. మొదటి రంగులకే గుంపులు సరిపోతేనే నమ్మండి.

ఆపైన అడ్మిక్స్చర్, స్ట్రక్చర్ వంటి ప్రోగ్రాములు. గుంపులు రెండా, మూడా, నాలుగా అని ఇవి అంచనా వేస్తాయి. సంఖ్యను ఎంచుకోవడానికి అందరూ వాడే డెల్టా కే పద్ధతికి ఒక లోపం ఉంది: అది "ఒకటే గుంపు" అనే జవాబు ఎప్పటికీ ఇవ్వలేదు. నాట్ల లాంటి పలచని తేడాలున్న పక్షులకు ఇది పెద్ద చిక్కు. ఒకటే గుంపు అన్న అవకాశాన్ని మీరే విడిగా పరీక్షించండి. పొదుగు నేలల మధ్య దూరం పెరిగేకొద్దీ జన్యు తేడా నెమ్మదిగా పెరుగుతోందేమో కూడా చూడండి. అలా పెరుగుతూ ఉంటే గుంపులకు గీతలు గీయడమే తప్పు, అది వాలు నేల, మెట్లు కాదు.

ఇప్పుడు మన అసలు ప్రశ్న. కాకినాడ పిట్టను ఆధార నమూనాలతో పోల్చి ఏ ఊరికి చేర్చాలో లెక్కించాలి. ఎక్కువ తేడా చూపే గుర్తులను ఏరి చిన్న జాబితా చేయడం సహజమే. కానీ ఆ గుర్తులను ఏ పక్షుల్లో ఏరారో, వాటి మీదే పరీక్షిస్తే ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. సగం పక్షులతో ఏరండి, మిగతా సగంతో పరీక్షించండి. మీ ఆధారాల్లో లేని ఊరి నుంచి పిట్ట వస్తే లెక్క దాన్ని బలవంతంగా ఉన్నవాటిలో ఒకదానికి అంటగడుతుంది. కాబట్టి "ఎక్కడిదీ కాదు" అనే గడి ఒకటి తప్పకుండా ఉంచండి. ఆడ, మగలకు విడివిడిగా కూడా లెక్క వేయండి. కొన్ని తీరపక్షుల్లో ఆడవి ఒక తీరానికి, మగవి ఇంకో తీరానికి ఎక్కువగా వెళ్తాయి.

రక్తాన్ని రింగుతో కలిపి చదవండి

జన్యువులు వేల ఏళ్ల సంగతి చెబుతాయి. రింగు, కాలికి తగిలించే రంగు జెండా, ఉపగ్రహ ట్యాగు ఈ ఏటి సంగతి చెబుతాయి. బోహాయ్ తీరంలో పట్టిన నల్లతోక గాడ్‌విట్లను కొలతలు, జన్యువులు, ఉపగ్రహ ట్యాగులతో కలిపి చూసినప్పుడే బొహాయీ అనే కొత్త ఉపజాతి బయటపడింది. మీరు రక్తం తీసిన ప్రతి పిట్టకూ రింగు ఉండాలి. రింగు సంఖ్య, రక్తం సీసా సంఖ్య ఒకే వరుసలో ఉండాలి.

ఫలితం రాసేటప్పుడు ఎఫ్‌ఎస్‌టీ పక్కన దాని విశ్వాస పరిధి (అసలు విలువ ఉండగల కింది, పై హద్దులు) ఇవ్వండి. మీ నమూనాలతో ఎంత చిన్న తేడా దాకా పట్టగలిగేవారో కూడా రాయండి. తేడా దొరకకపోతే "ఈ గుర్తులతో, ఇన్ని పక్షుల్లో తేడా పట్టలేకపోయాం" అని రాయండి. "ఒకటే జనాభా" అని రాయకండి. ఒక కాలువ పూడ్చాలా, ఒక రేవు కట్టాలా అన్న ఫైలులోకి ఆ రెండు మాటలే వెళ్తాయి. వాటి ముందున్న మీ షరతులన్నీ దారిలోనే రాలిపోతాయి.

చదివిన వరుసలను జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డీఎన్ఏ భాండాగారంలో అందరికీ తెరిచి పెట్టండి. పట్టిన చోటు, తేదీ, ఆడా మగా, గూడు మీద పట్టారా లేదా అన్నవి తప్పక జత చేయండి. ప్రతి సీసాలో సగం రక్తాన్ని వాడకుండా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచండి. రేపు పామీర్ నమూనాలు ఎవరి చేతికైనా వస్తే, మీరు "ఎక్కడిదీ కాదు" అన్న గడిలో వదిలేసిన పిట్టల కోసం వారు మిమ్మల్నే అడుగుతారు.